ఆదివారం డ్యూటీ పడ్డ అర్థం

జీడిపిక్కలో పారేసేది ఏదీ ఉండదు. పప్పు గుండుగా వస్తే ఒక ధర, బద్దగా విడిపోతే ఇంకో ధర. ముక్కలైతే మిఠాయి కొట్టుకు పోతాయి, పొట్టు తోళ్ల పరిశ్రమకు పోతుంది, పెంకులోంచి పిండిన నూనె రంగుల కంపెనీకి పోతుంది. మా పలాసలో పుట్టినవాడికి ఈ లెక్క మాటలతో పాటే వస్తుంది. అందుకే నేను మనుషుల్ని కూడా ఇలాగే చూస్తాను. ఎవరు ఏ గ్రేడు, ఎవరు ఎక్కడ చెల్లుతారు అని. బొత్తిగా పారేయవలసిన మనిషి నాకు ఇంతవరకూ తగల్లేదు. విదేశీ వర్తక భాషా క్రమబద్ధీకరణ మండలి వారిని కలిశాక కూడా ఆ మాట మీదే ఉన్నాను. వాళ్ల వల్లా ఏదో ఒక ఉపయోగం ఉండే ఉంటుంది. కనిపెట్టవలసి ఉంది.

నా పేరు పొట్నూరు కూర్మారావు. మా ఫ్యాక్టరీకి ఇక్కడి పిక్కలు ఏడాది పొడుగునా చాలవు. వేసవి దాటాక ఆఫ్రికాలోని గినీ బిస్సావ్ అనే చిన్న దేశం నుంచి తెప్పించుకుంటాను. అక్కడ అర్మాందో అని నాలాంటి వ్యాపారే ఒకాయన ఉన్నాడు. ఆయనది పోర్చుగీసు, నాది తెలుగు, మధ్యలో ఇద్దరికీ అరకొరగా వచ్చిన ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషులో చాకిరీ అంతా చేసేది 'గెట్' అనే మాట. సరుకు అందిందా అన్నా గెట్టే, కొన్నావా అన్నా గెట్టే. ఓడ చేరిందన్నా, ధర ప్రియమైందన్నా, జ్వరం పట్టుకుందన్నా, వచ్చి తెచ్చుకో అన్నా, అర్థమైందా అన్నా అదే మాట. ఇన్నేళ్లలో దానివల్ల మా ఇద్దరి మధ్య ఒక్క పిక్క తేడా రాలేదు.

అంత సాఫీగా సాగడమే పైవాళ్లకు అనుమానం కలిగించినట్టుంది. కొత్త నిబంధన వచ్చింది. పోర్చుగీసు మాట్లాడే దేశాల నుంచి వచ్చిన సరుకు మన పోర్టు దాటాలంటే, అమ్మినవాడు రాసిన విడుదల ఉత్తరాన్ని మండలి ఇంగ్లీషులోకి మార్చి ముద్ర వేయాలి. ముద్ర లేనిదే గేటు తెరవరు.

అర్మాందో ఉత్తరంలో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. 'కూర్మారావు గారు వచ్చి సరుకు తెచ్చుకోవచ్చు' అని. అది పట్టుకుని విశాఖపట్నం వెళ్లాను. కంటైనర్ అప్పటికే ఓడ దిగి ఉంది. వానలు మొదలయ్యాయి. ఇనప పెట్టెలో మూసి ఉంచిన పిక్కకు చెమట పడుతుంది. చెమట పట్టిన పిక్కకు బూజు పడుతుంది. ముద్ర వేయడానికి ఎంతసేపులే, సాయంత్రం బండికి వెనక్కి వచ్చేద్దామనుకున్నాను.

మండలికి సొంత భవనం ఇంకా మంజూరు కాలేదు. ఒక కల్యాణ మండపంలో అద్దెకు ఉంటున్నారు. వారంలో ఆరు రోజులు కార్యాలయం, ఆదివారం నాడు యజమాని పెళ్లిళ్లకు ఇచ్చుకుంటాడు. సిబ్బంది అంతా భోజనాల బల్లల దగ్గర వరసగా కూర్చున్నారు. సంచాలకులు డాక్టర్ నిష్ఠల ఉమాకాంతం గారు వేదిక మీద, సింహం తలల చేతులున్న ఎర్ర ముఖమల్ కుర్చీలో ఉన్నారు. పక్కనే దానికి జత కుర్చీ. పెళ్లికూతురు ఉండవలసిన చోట ఫైళ్లు ఉన్నాయి.

"చూడండి కూర్మారావు గారూ," అన్నారాయన, "ఆడిట్ వారు ఒక మౌలికమైన అభ్యంతరం లేవనెత్తారు. ఒకే ఫైలులో, గెట్ అనే ఒకే ఇంగ్లీషు పదానికి పోర్చుగీసులో ఒకచోట రెసెబేర్ అని, ఒకచోట కొంప్రార్ అని, మరొకచోట షెగార్ అని ఉంది. మొత్తం ఏడు. ఒక పోస్టులో ఏడుగురు జీతం తీసుకుంటున్నట్టు కాదా?"

"జీతం ఎవరూ తీసుకోలేదు కదండీ."

"తీసుకోలేదని రుజువు చేసే పత్రం లేదు."

ఆయన కొంచెం మెత్తబడ్డారు.

"ఒకదాన్ని ఉంచి మిగతావాటిని తొలగిద్దామనే అనుకున్నాం. సర్వీసు నిబంధనలు అడ్డొచ్చాయి. ఏళ్ల తరబడి పనిచేస్తున్న అర్థాన్ని సంజాయిషీ అడక్కుండా తీసేయడం సహజ న్యాయసూత్రాలకు విరుద్ధం. అందుచేత ఏకకాలంలో ఏకార్థం అనే విధానాన్ని రూపొందించి, డ్యూటీ చార్టు వేశాం."

చార్టు గోడకు వేలాడుతోంది. వధూవరుల పేర్లు పూలతో రాసే పలక మీదే అంటించారు. సోమవారం నాడు గెట్ అంటే రెసెబేర్, అంటే అందుకోవడం. మంగళవారం ఎంతెందేర్, అర్థం చేసుకోవడం. బుధవారం కొంప్రార్, కొనడం. గురువారం షెగార్, చేరడం. శుక్రవారం ఫికార్, అంటే ఒకటి ఇంకొకటిగా అవడం. శనివారం అపన్యార్, రోగం అంటుకోవడం. ఏ రోజు ఏ అర్థం డ్యూటీలో ఉంటే ఆ రోజు ముద్ర పడే ఉత్తరాలన్నిటిలోనూ ఆ పదానికి అదే అర్థం. ఆ మాట ముద్రలోనే చెక్కించారు కూడా.

"మా ఉత్తరంలో ఉన్నది బుష్కార్ అండి. వెళ్లి తెచ్చుకోవడం."

"అది జూనియర్. అన్నిటికంటే చివర మా దృష్టికి వచ్చింది. ఆదివారం డ్యూటీ పడింది."

"అయితే ఆదివారం వస్తాను."

"ఆదివారం సెలవు కదండీ."

"మరి అది డ్యూటీ ఎప్పుడు చేస్తుంది?"

"క్రమం తప్పకుండా చేస్తోంది," అన్నారు సంచాలకులు. "ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు లేదు."

నేను బేరం మొదలుపెట్టాను. అలవాటు. గెట్ వద్దు, 'కలెక్ట్' అని రాసి ఇవ్వమన్నాను. ఆ పదాన్ని రెవెన్యూ శాఖకు కేటాయించామని, వాడాలంటే వారి నుంచి నిరభ్యంతర పత్రం తేవాలని చెప్పారు. పోనీ 'ఫెచ్' అనండి అన్నాను. ఆ పోస్టు ఇంకా మంజూరు కాలేదట, ప్రతిపాదనలు వెళ్లాయట. సోమవారం ముద్ర వేయండి, అందుకుంటాను అంటే, పంపినవాడు ఇంటికి చేర్చే సరుకుకే అది చెల్లుతుందట, పోర్టుకు వచ్చి పట్టుకెళ్లేవాడికి చెల్లదట. ఒక్క ఆదివారం, ఒక్క గంట తెరవండి అని చేతులు జోడించాను.

"భావోద్వేగానికి లోను కాకండి. ఆదివారం పనిచేయిస్తే సిబ్బందికి ప్రత్యామ్నాయ సెలవు ఇవ్వాలి. సిబ్బందికి ఇస్తే పదానికీ ఇవ్వాలి. గెట్ సోమవారం సెలవు పెడితే, ఆ రోజు ఈ రేవులో ఎవరూ ఏదీ అందుకోలేరు. ఆ బాధ్యత మీరు తీసుకుంటారా?"

తీసుకోలేనన్నాను. పలాస వచ్చేశాను.

ఫ్యాక్టరీ గేటు దగ్గరే పారమ్మ పట్టుకుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్లకు ఆమె మేస్త్రీ. ఆమె ఒక పిక్క మీద చెయ్యి వేసిందంటే పప్పు గుండుగా రావలసిందే. వెనకాల మిగతావాళ్లంతా ఖాళీ చేతులతో కూర్చున్నారు.

"పిక్కలొచ్చీసాయన్నావు గదా బాబూ. ఏవీ?"

"పోర్టులో ఉన్నాయి."

"పోర్టులో ఉంటే సరే. మా సేతుల్లోకి ఎప్పుడొస్తాయి?"

"ఆదివారం తెచ్చుకోవాలట. ఆదివారం ఆఫీసు ఉండదట."

పారమ్మ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "మా ఇంట్లో మనిషీ అంతే. కల్లు మానీసినానంటాడు. ఏ రోజు మానీసినావయ్యా అంటే, పాక మూసీసిన రోజంట!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ నా కళ్లు రోడ్డు అవతల ఆగి ఉన్న వ్యాను మీద ఉన్నాయి. అది రొయ్యలు ఒలిపించే కంపెనీ వారిది. ఏజెంటు టీ తాగుతూ, మా గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. పని లేని ఆడవాళ్లు ఎక్కడుంటే ఆ వ్యాను అక్కడికి వస్తుంది. పిక్క పాడైతే మళ్లీ కొనుక్కోవచ్చు. పిక్కను గుండుగా తీసే చెయ్యి ఒకసారి రొయ్యలకు అలవాటు పడితే తిరిగి రాదు.

"నెలాఖరు దాకా ఆగండి పారమ్మా. దసరా దాకా పని ఇస్తానన్నాను, ఇస్తాను."

"మేం ఆగుతాం బాబూ. పొయ్యి ఆగదు కదా," అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత వారంలో విశాఖలోనే మకాం పెట్టాను. మండపం ముందు అప్పటికే ఒక బజారు పుట్టింది. ఏ ఉత్తరానికి ఏ రోజు లాభమో చెప్పేవాళ్లు, మీ ఉత్తరాన్ని గురువారానికి సరిపడేట్టు తిరగరాసి ఇస్తామనేవాళ్లు గొడుగుల కింద బల్లలు వేసుకున్నారు. నాతోటి వ్యాపారి సన్యాసిలింగానికి ఓపిక తక్కువ. శనివారం వరసలో జనం లేరని వెళ్లి ముద్ర వేయించుకున్నాడు. ముద్ర ప్రకారం అతనికి జీడిపిక్కలు అంటుకున్నాయి. పోర్టు ఆరోగ్యాధికారులు కంటైనర్‌లోకి మందు కొట్టారు, లింగం నెత్తురు పరీక్షకు పంపారు, ఫలితం వచ్చేదాకా పెళ్లాం పిల్లలకు దూరంగా పడుకోమన్నారు. శుక్రవారం ముద్ర పడిన సోంపేట షావుకారు గతి మరో రకం. కాగితాల ప్రకారం ఆయనే సరుకు అయ్యాడు. ఆయన పోర్టు ఆవరణలో నిలబడ్డంతసేపూ గోదాము అద్దె కట్టమంటున్నారు.

"వ్యవస్థ నిష్పక్షపాతంగా పనిచేస్తోందనడానికి ఇవి తార్కాణాలు," అన్నారు సంచాలకులు పత్రికల వారితో.

ఏమో, ఎవరైనా దొరుకుతారేమోనని ఆదివారం కూడా వెళ్లాను. సన్నాయి వినబడుతోంది. సంచాలకుల కుర్చీలో పెళ్లికొడుకు కూర్చున్నాడు, ఫైళ్ల కుర్చీలో పెళ్లికూతురు ఉంది. పెళ్లికూతురి మేనమామ ఎవరో నన్ను తమ తాలూకు అనుకుని, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి విస్తరి ముందు కూర్చోబెట్టాడు. ఆ మండపంలో అడక్కుండా నాకు జరిగిన పని అదొక్కటే.

మర్నాడు టీ కొట్టు దగ్గర సూపరింటెండెంట్ మావుళ్లయ్య కలిశాడు. ముద్ర ఉండేది అతని సొరుగులోనే. మనిషి మంచివాడే, పాపం దిగాలుగా ఉంటాడు. అతనిది భీమవరం. భార్య అక్కడ బళ్లో టీచరు, అతను ఇక్కడ మెస్సులో భోజనం.

"ఈసారి పని అయ్యేలా ఉందండి," అన్నాడు, మొహం వెలిగిపోతూ. "భీమవరంలో ఉన్నవాడొకడు వైజాగ్ వస్తానన్నాడండి. ఇద్దరం సంతకాలు పెట్టేశాం. పరస్పర బదిలీ అన్నమాట."

"పైవాళ్లు ఒప్పుకుంటారా?"

"దానికి మాత్రం ఠక్కున ఒప్పుకుంటారండి. ఖజానాకు ఖర్చు లేదు, పోస్టు ఖాళీ అవదు, ఆలోచించాల్సిన పని అంతకన్నా లేదు. ఇటువాడు అటు, అటువాడు ఇటు. ఫైలు మూసేయడమే!"

నా చేతిలో టీ చల్లారిపోయింది. మా వ్యాపారంలో బద్ద చెల్లని చోట ముక్క చెల్లుతుంది, ముక్క చెల్లని చోట పొట్టు చెల్లుతుంది. న్యాయం చెల్లని చోట ఏది చెల్లుతుందో ఇన్నాళ్లూ వెతుకుతున్నాను.

"మావుళ్లయ్య గారూ, ఆ బదిలీ అర్థాలకు కూడా వర్తిస్తుందా?"

అతను వేళ్ల మీద నిబంధనలు లెక్కపెట్టుకున్నాడు. "వర్తించదని ఎక్కడా లేదండి," అన్నాడు చివరికి.

ఇక చూసుకోవలసింది ఎవరితో మార్చాలన్నదే. సోమవారం అందుకోవడం మీద పోర్టు మొత్తం బతుకుతోంది. కొనడం, చేరడం జోలికి వెళితే వ్యాపారుల సంఘం, లారీల సంఘం ధర్నాకు దిగుతాయి. శుక్ర, శనివారాల మీద అప్పటికే కోర్టులో కేసులున్నాయి. మంగళవారం ఎలా ఉంటుందని అడిగాను.

"మంగళవారం మాకు తీరికండి," అన్నాడు మావుళ్లయ్య. "ఆ ముద్ర అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. ఇంకు కూడా ఎండిపోయింది."

అర్జీ పెట్టాను. ఆదివారం డ్యూటీలో ఉన్న బుష్కార్‌ను మంగళవారానికి, మంగళవారం డ్యూటీలో ఉన్న ఎంతెందేర్‌ను ఆదివారానికి పరస్పరం బదిలీ చేయవలసిందిగా ప్రార్థన. సంచాలకులు చదివి, కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ చదివారు. ఆ నెలలో ఆయనకు అర్థమైన మొదటి కాగితం అదేననుకుంటాను.

"సక్రమంగా ఉంది," అన్నారు. "ఉభయ పక్షాల అంగీకారం కావాలి. బుష్కార్ తరఫున?"

"నేనండి. బాధితుణ్ని."

"ఎంతెందేర్ తరఫున?"

ఆయన కుర్చీలోంచి లేచి వేదిక అంచుకు వచ్చారు.

"ఈ కార్యాలయంలో అర్థం చేసుకోవడంతో సంబంధం ఉన్నవారెవరైనా ఉంటే ముందుకు రావలసిందిగా కోరుతున్నాను."

భోజనాల బల్లల దగ్గర కలాలు ఆగిపోయాయి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అకౌంట్స్ ఆయన అది తమ సెక్షన్‌లోకి రాదన్నాడు. ఎస్టాబ్లిష్‌మెంట్ ఆవిడ, తాను చేరేనాటికే ఇక్కడ ఆ పని లేదన్నది. నోటీసు బోర్డు మీద ప్రకటన అంటించారు. గడువు దాటింది, ఒక్కరూ రాలేదు. అభ్యంతరం లేనందున అంగీకారంగా భావించడమైనది అని రాసుకున్నారు.

ఉమాకాంతం గారికి ఒక్క సందేహం మిగిలింది. "మావుళ్లయ్యా, ఒకవేళ మామూలు రోజున అర్థం చేసుకోవలసిన అవసరం ఏర్పడితే?"

"ఇంతవరకూ ఏర్పడలేదండి."

"రికార్డు ఉందా?"

"ప్రతి వారం నిల్ రిపోర్టు పంపుతున్నామండి. పైనుంచి మెచ్చుకోలు కూడా వచ్చింది."

ఉత్తర్వు వెలువడింది. ప్రజాప్రయోజనాల దృష్ట్యా ఎంతెందేర్‌ను మంగళవారపు విధుల నుంచి తక్షణమే రిలీవ్ చేయడమైనదని, స్వయంగా కోరుకున్న బదిలీ కనుక ప్రయాణ భత్యానికి అర్హత లేదని అందులో ఉంది. అంతటితో నా పని అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఎవరు బదిలీ అయినా వీడ్కోలు సభ జరపడం ఆ కార్యాలయపు ఆనవాయితీట. సభ అయితే గాని ముద్ర చేతులు మారదు.

సభ జరిగింది. ఎంతెందేర్ అని రాసిన అట్టను ముఖమల్ కుర్చీలో నిలబెట్టి దండ వేశారు. శాలువా కప్పారు. సిబ్బంది తలా కొంత వేసుకుని మిక్చరు, మైసూర్‌పాక్ తెప్పించారు. సంచాలకులు మైకు అందుకున్నారు.

"ఎంతెందేర్ ఇక్కడ ఉన్నంతకాలం ఎవరి పనిలోనూ జోక్యం చేసుకోలేదు. ఎవరినీ నొప్పించలేదు. తన ఉనికే తెలియనివ్వకుండా సేవ చేసింది. ఇంతటి క్రమశిక్షణ మనలో ఎందరికుంది?"

మావుళ్లయ్య కళ్లు తుడుచుకున్నాడు. తన బదిలీ గుర్తొచ్చి ఉంటుంది.

ఆ వచ్చే మంగళవారం ఎండిన ఇంకులో నీళ్లు పోసి, నా ఉత్తరం మీద ముద్ర వేశారు. పోర్టులో కంటైనర్ తలుపు తీసేసరికి పులిసిన వాసన గుప్పుమంది. తలుపు వైపు బస్తాలు నల్లబడిపోయాయి. చెయ్యి పెట్టి లోపలి బస్తా లాగి, పిక్క కోసి చూశాను. పప్పు తెల్లగా ఉంది.

లారీలు పలాస చేరేసరికి నెలాఖరు వచ్చేసింది. రొయ్యల వ్యాను గేటు ముందే ఉంది. తలుపు తెరిచి ఉంది. ఇద్దరు ముగ్గురు ఎక్కి కూర్చున్నారు కూడా. పారమ్మ లారీ వెనక చక్రం మీద కాలు పెట్టి ఎక్కి, బస్తాలో చెయ్యి దూర్చి, గుప్పెడు పిక్కలు తీసి గలగలలాడించింది. ఆ చప్పుడు విని వ్యానులోవాళ్లు ఒక్కొక్కరే దిగారు. ఏజెంటు గ్లాసు అక్కడే పెట్టి తలుపు మూసుకున్నాడు.

"ఇంతకీ బాబూ," అంది పారమ్మ, పెంకు నూనె అంటకుండా చేతులకు బూడిద రాసుకుంటూ, "అక్కడే ఉన్న పిక్కలు నీకిచ్చీడానికి ఆళ్లకి ఇన్నాళ్లు ఎందుకయ్యింది? నాకు అరదం కాలేదు."

"ఆదివారం చెప్తాను," అన్నాను.

దసరా ముందు నల్ల పిక్కల్ని వేరు చేయిస్తుండగా ఫోను మోగింది. అవి తినడానికి పనికిరావు గాని పెంకులో నూనె ఉంటుంది. చెప్పాను కదా, పారేసేది ఉండదు. ఫోనులో ఉమాకాంతం గారు.

"వార్షిక నివేదిక తయారవుతోంది కూర్మారావు గారూ. మిగతా పదాలకూ ఈ సంస్కరణను విస్తరించబోతున్నాం. మీ అభిప్రాయం కావాలి. అర్థం చేసుకోవడాన్ని ఆదివారానికి మార్చాక మా కార్యాలయం పనితీరులో మీకేమైనా తేడా కనబడిందా? నిర్మొహమాటంగా చెప్పండి."

నేను వ్యాపారిని. నా తక్కెడ ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

"పిసరంత తేడా లేదండి," అన్నాను.

ఆయన ఎంతో సంతోషించారు. నా పేరుతో సహా ఆ మాటను నివేదిక మొదటి పేజీలో వేయించారు.